అమ్మ పట్టిన సీటు

బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి సంచి పడేసి సీటు పట్టడంలో మా అమ్మని మించిన మనిషి ఏలూరులో లేదు. గొప్ప కోసం చెప్పడం లేదు, చిన్నప్పటి నుంచీ కళ్లారా చూసిన సంగతి. జనమంతా తలుపు దగ్గర తోసుకుంటూ ఉంటే, అమ్మ చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని బస్సు పక్కన పరిగెత్తి, కమ్మీల సందులోంచి సంచి దూర్చేసి, ఏమీ ఎరగనట్టు పక్కకొచ్చి నిలబడేది. అందరూ ఎక్కాక తాపీగా ఎక్కి, సంచి తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. ఈలోగా ఆ సీటు దగ్గరికి ఎంతమంది వచ్చినా సంచిని చూసి ముందుకెళ్లిపోయేవారు తప్ప ముట్టుకునేవారు కాదు. జేబురుమాలు వేసినా, తువ్వాలు వేసినా, చదివేసిన పేపరు వేసినా మా వైపు మనిషి కూర్చున్నట్టే లెక్క.

"ఎవరైనా తీసి కింద పెడితేనో?" అని ఒకసారి అడిగాను.

"నా సంచి ఉన్న చోటికి ఇంకొకళ్లు ఎలా వస్తారే?" అంది అమ్మ, నేనేదో తిక్క ప్రశ్న వేసినట్టు మొహం పెట్టి.

ఆ సంచి నాన్న కుట్టింది. మాది పరుపులు కుట్టే ఇల్లు. ముస్లిములమే అయినా ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే, పోట్లాడుకునేదీ తెలుగులోనే. పరుపులకి వాడే దళసరి చారల గుడ్డ ముక్క మిగిలితే నాన్న దాన్ని అమ్మకి సంచిగా కుట్టాడు. ఎర్ర చారలు, పెద్ద పెద్ద చెవులు. వీధి మొదట్లో ఆ చారలు కనిపించగానే అమ్మ వస్తోందని మాకు తెలిసిపోయేది.

మా చెల్లెలు కడుపుతో ఉన్న ఏడాది ఎక్కడో పెద్ద ఊళ్లో బాంబు పేలింది. టీవీలో అదే పనిగా చూపించారు. పగిలిన అద్దాలు, రోడ్డు మీద చెల్లాచెదరైన చెప్పులు, ఆసుపత్రి బయట ఏడుస్తున్న ఆడవాళ్లు. అమ్మ టీవీ ముందునుంచి లేవలేదు. వాళ్లతోపాటు ఏడ్చింది. ఆ తర్వాత నాకు ఫోన్ చేసింది. నేను తాడేపల్లిగూడెంలో బళ్లో లెక్కలు చెబుతాను, అక్కడే కాపురం.

"నువ్వు రైలెక్కకే కొన్నాళ్లు. బడికి కూడా సెలవు పెట్టు."

"అమ్మా, గూడెంలో బాంబెవడు పెడతాడే? ఇక్కడేముందని?"

"అక్కడ మాత్రం ఏముందని పెట్టాడు? వాళ్లూ అలాగే అనుకునుంటారు."

నాకు ఒళ్లు మండింది. బాంబుతో పోయేవాళ్ల కంటే రోడ్డు మీద పోయేవాళ్లు ఎన్నో రెట్లు ఎక్కువనీ, పాము కాటుకీ, కరెంటు షాకుకీ, నీళ్లలో పడీ రోజూ మనుషులు పోతూనే ఉన్నారనీ, వాళ్లని టీవీలో చూపించరు కాబట్టి భయం వెయ్యదనీ గడగడా చెప్పేశాను. అమ్మ మొత్తం విని, "నీ లెక్కలు పిల్లలకి చెప్పుకో" అని పెట్టేసింది. పక్కనుంచి అంతా విన్న మా ఆయన, "బాగుంది. అత్తగారికి పాఠం చెబుతావు, నువ్వేమో ఓవర్ బ్రిడ్జి ఎక్కడానికి బద్ధకించి ఫోన్ మాట్లాడుతూ పట్టాలు దాటతావు" అన్నాడు. నిజమే. అందుకే ఆ రోజు ఆయనకి కాఫీ ఆలస్యంగా ఇచ్చాను.

చెల్లెల్ని ఇచ్చింది కొల్లేరు వైపు ఊరికి. ఏలూరు నుంచి కైకలూరు వెళ్లే దారిలో దిగి, లోపలికి పోవాలి. మరిది చేపల చెరువుల మీద పని చేస్తాడు, చెరువులో వల లాగే రోజుల్లో ఐసు పెట్టెల్లో చేపలు సర్దిస్తాడు. మంచివాడు, మాట తక్కువ. ఆ ఊరి రోడ్డుకి ఒక పక్క చెరువులు, ఇంకో పక్క మురుగు డ్రైను. డ్రైనంటే చిన్నది కాదు, ఏనుగు దిగినా కనపడదు. మీద తూటికాడ పచ్చగా అల్లుకుపోయి ఉంటుంది కాబట్టి కొత్తవాళ్లకి పచ్చికబీడులా కనిపిస్తుంది. ఊరు ఇంకాస్త దూరం ఉందనగా రోడ్డు ఒక్కసారి మెలి తిరుగుతుంది. అక్కడ గోడ లేదు, కమ్మీ లేదు, కనీసం సున్నం కొట్టిన రాయి లేదు. మోటారు సైకిళ్లు పడ్డాయి, ట్రాక్టరు పడింది, పెళ్లికెళ్లొస్తున్న ముసలాయన సైకిలుతో సహా పడి లేవనే లేదు. ఊళ్లో ఆ మాట వర్షం పడిందని చెప్పినట్టే చెబుతారు.

చెల్లెలికి ఏడో నెల. నెలాఖరుకి పుట్టింటికి తీసుకురావాలనుకున్నాం. ఈలోగా ఏలూరులో డాక్టరమ్మకి చూపించి, మళ్లీ అత్తవారింట్లో దిగబెట్టడానికి అమ్మా నేనూ బయల్దేరాం. నడుం నొప్పి అంటోందని నాన్న బూరుగు దూదితో మెత్తటి దిండు కుట్టి ఇచ్చాడు. అమ్మ దాన్ని చారల సంచిలో కుక్కింది. సంచి కూడా ఏడో నెల గర్భిణిలాగే తయారైందని చెల్లెలు నవ్వింది.

సాయంత్రం బస్టాండులో జనం కిటకిటలాడుతున్నారు. బస్సు రాగానే అమ్మ పరిగెత్తి సంచి పడేసింది. కిటికీ పక్క సీటు, సరిగ్గా చక్రానికి దూరంగా. "కుదుపు ఉండదు" అంది గర్వంగా. ఇంకా టైముందని కండక్టరు అనడంతో, చెల్లెల్ని బాత్రూముకి తీసుకెళ్లి, వచ్చేటప్పుడు నిమ్మసోడా తాగించాం. మైకులో ఎవరిదో గొంతు ఆగకుండా చెబుతూనే ఉంది, యజమాని లేని సంచులు కనిపిస్తే ముట్టుకోవద్దు, పోలీసులకి చెప్పండి అని. బాంబు వార్త వచ్చిన దగ్గర్నుంచీ రోజూ అదే పాట కాబట్టి ఎవరూ వినడం లేదు, మేమూ వినలేదు.

తిరిగొచ్చేసరికి మా బస్సు ఖాళీగా ఉంది. జనమంతా దూరంగా గుండ్రంగా నిలబడి చూస్తున్నారు. ఒక కానిస్టేబులు చేతులు చాపి వెనక్కి నెడుతున్నాడు.

"ఏమైందండీ?" అని పక్కనున్న ఆవిడని అడిగాను.

"సంచండీ. ఎవరిదో తెలీదంట. ఉబ్బెత్తుగా ఉందంట. బాంబేమోనని అందర్నీ దింపేశారండీ బాబూ!"

అమ్మ మొహం పాలిపోయింది. చెల్లెలి రెక్క పట్టుకుని, "పదండి పదండి, ఇక్కడొద్దు" అని లాక్కెళ్లిపోయింది. ఇప్పుడు చెబితే నవ్వుతారు గానీ, మా ముగ్గురిలో ఒక్కరికి కూడా తట్టలేదు. అమ్మ దృష్టిలో తను పడేసింది సంచి కాదు, సీటు. సీటుని చూసి ఎవరు భయపడతారు?

బయట ఆటోలవాళ్లకి పండగే. బస్సు దిగినవాళ్లంతా అటే పరిగెత్తారు. మా ఆటోలో వెనక మేం ముగ్గురం, మాకెదురుగా చెక్క మీద ఇంకొందరు, డ్రైవరుకి అటొకరు ఇటొకరు, వెనక కమ్మీ పట్టుకుని వేలాడుతూ ఇద్దరు. మామూలు రోజయితే కడుపుతో ఉన్న పిల్లని అలాంటి ఆటోలో ఎక్కించేవాళ్లమే కాదు. ఆ రోజు మాత్రం ఆటో కదలగానే అమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుని, "అల్లా దయ, బయటపడ్డాం" అంది.

కొంత దూరం వెళ్లాక అమ్మ ఒడి తడుముకుంది. కాళ్ల దగ్గర చూసింది.

"అయ్యో, నా సంచి! బస్సులో ఉండిపోయిందే!"

నేను చెల్లెలి మొహం చూశాను. అది నా మొహం చూసింది. దానికి ముందు అర్థమైంది. "అక్కా, ఉబ్బెత్తుగా ఉన్న సంచి..." అంది. అంతే, దానికి నవ్వు ఆగలేదు. పొట్ట పట్టుకుని కళ్లమ్మట నీళ్లొచ్చేలా నవ్వింది. ఎదురుగా కూర్చున్నవాళ్లు ఏంటి సంగతని అడుగుతుంటే, అమ్మ ఒక్కసారి నా మోచెయ్యి గట్టిగా నొక్కింది. "నోరెత్తకు. మనదేనని తెలిస్తే, ఇంక మన పేర్లు కూడా అడుగుతారు" అంది గొంతు తగ్గించి. చెల్లెలి నవ్వు ఆగిపోయింది. మేమెవరం వినిపించేలా అనుకోని మాట అది. టీవీలో బాంబు పేలినప్పుడల్లా మా అమ్మకి రెండు భయాలని నాకు ఆ రోజే సరిగ్గా తెలిసింది. మొదటిది అందరికీ ఉండేదే. రెండోది, ఆ పని చేసినవాడి పేరు మా పేర్లలా ఉంటుందేమోనని.

ఇంతలో మలుపు వచ్చింది. ఎదురుగా చేపల లారీ, నీళ్లు కార్చుకుంటూ, రోడ్డంతా తనదే అన్నట్టు వచ్చింది. మా డ్రైవరు పక్కకి తీశాడు. తడి రోడ్డు, మోయలేని బరువు. ఆటో జారింది. వెనక చక్రం అంచు దాటి దిగిపోయింది. మేమంతా ఒక్కసారి డ్రైను వైపు ఒరిగాం. ఆ వైపు కూర్చున్నది మా చెల్లెలు. దాని జడ బయట గాలిలో వేలాడుతోంది, కింద పచ్చటి తూటికాడ, దాని సందుల్లో నల్లటి నీళ్లు.

"కదలకండి! ఎవరూ కదలకండి!" అని అరిచాడు డ్రైవరు.

వెనక వేలాడుతున్న ఇద్దరూ అప్పటికే రోడ్డు మీదికి దూకేశారు. వాళ్లే ఆటో కమ్మీ పట్టుకుని వెనక్కి వేలాడారు. లారీ ఆపి క్లీనరు పరిగెత్తుకొచ్చాడు. రోడ్డు వైపు వాళ్లని ఒక్కొక్కరినే దింపారు. దిగిన ప్రతివాళ్లూ పారిపోకుండా ఆటోని పట్టుకున్నారు, అది ఎప్పటికీ మర్చిపోను. అమ్మని దిగమంటే దిగలేదు. చెల్లెలి నడుం చుట్టూ రెండు చేతులూ వేసి, కాళ్లు చెక్కకి తన్నిపెట్టి కూర్చుంది. "ముందు దీన్ని దింపండి నాయనా, తర్వాత నేను" అని ఒకటే మాట. చివరికి తల్లినీ కూతుర్నీ కలిపే లాగారు. చెల్లెలు నా మీద పడింది. రెండు చేతులూ దాని పొట్ట మీద వేశాను. లోపల చిన్న పాదం తన్నింది. అంతే, రోడ్డు మీద కూలబడి భోరుమని ఏడ్చాను. చెల్లెలు నన్ను ఓదార్చింది, చోద్యం కాకపోతే.

మర్నాడు ఇంటికొచ్చాక అమ్మ వీధంతా చెప్పింది, బస్టాండులో బాంబు గండం తప్పిందని. సంచి సంగతి మాత్రం దాచి. ఆటో మాట ఎత్తనే లేదు. నాన్నకి కూడా చెప్పలేదు. నేనడిగితే, "అది ఎప్పుడూ ఉండేదేగా, దాని గురించి ఏం చెబుతాం?" అంది. కోపం వచ్చింది గానీ, ఆలోచిస్తే నేనూ అంతే. బాంబు పెట్టినవాడొకడు ఉంటాడు, వాడి మీద పళ్లు నూరొచ్చు. డ్రైను మీద ఎవరు పళ్లు నూరతారు? అది తన మానాన తను పారుతూ ఉంటుంది.

సంచి కోసం పోలీసుల దగ్గరికి నేనే తీసుకెళ్లాను అమ్మని. దారి పొడుగునా కొంగు తల మీంచి తీస్తుంది, మళ్లీ వేసుకుంటుంది. లోపల పెద్ద వయసు కానిస్టేబులు సంచి తెచ్చి బల్ల మీద పెట్టాడు. దిండు ఈ చివర్నుంచి ఆ చివరికి కోసేసి ఉంది. "ఏమనుకోకండమ్మా, చూడక తప్పదు కదండీ మాకు. బస్టాండంతా దూదే. నిన్నటి నుంచి తుమ్ముతున్నాను" అన్నాడు. నిజంగానే ఆయన చొక్కా భుజం మీద ఇంకా పోగులున్నాయి. అమ్మ ముందుకి వంగి వాటిని ఏరేసింది, మా చొక్కాల మీద ఏరినట్టే. "బూరుగు దూది బాబూ, దులిపితే పోదు. ఏరాలి" అంది. ఆయన నవ్వాడు. పేరు అడిగాడు, రాసుకున్నాడు, టీ తెప్పించాడు. బయటికి వచ్చాక అమ్మ గట్టిగా ఊపిరి వదిలి, "మంచివాడే పాపం" అంది. నాన్న ఆ దిండుని మళ్లీ నింపి కుట్టాడు. ఎర్ర దారం తప్ప దొరకలేదు. చెల్లెలి కూతురు పుట్టాక మొదట తల ఆన్చింది దాని మీదే.

ఆ మలుపు దగ్గర కమ్మీ కట్టించమని మరిదీ ఊరివాళ్లూ అర్జీ పెడుతూనే ఉన్నారు. ఒక సోమవారం నేనూ వాళ్లతో ప్రభుత్వ ఆఫీసుకి వెళ్లాను. ఆఫీసు గుమ్మంలో కొత్తగా ద్వారం లాంటిది పెట్టారు, దాని కిందనుంచి వెళితే కుయ్యిమంటుంది. మరిదికి కుయ్యిమంది, క్యారియరు డబ్బాతో వచ్చిన గుమాస్తాకి కుయ్యిమంది, మంగళసూత్రాలకీ మొలతాళ్లకీ కూడా కుయ్యిమంది. ఎవరూ తలెత్తి చూడటం లేదు. గోడల మూలమూలనా కెమెరాలు. అవి వద్దని నేననను. ఏడుస్తున్న ఆ ఆడవాళ్లని నేనూ టీవీలో చూశాను. కానీ ఆ ద్వారాన్ని చూస్తుంటే నాకు డ్రైను అంచే కళ్లముందు ఆడింది.

ఆఫీసరుగారు మర్యాదస్తుడే. కూర్చోమన్నారు, అర్జీ మొత్తం చదివారు. "మీరు చెప్పింది న్యాయమేనమ్మా. కానీ ఈ ద్వారం, కెమెరాలు భద్రత పద్దు కింద వచ్చిన నిధులతో పెట్టినవి. రోడ్డుది వేరే పద్దు, అందులో ప్రస్తుతం లేవు" అన్నారు.

"డ్రైనులో పడకుండా ఉండటం భద్రత కాదాండీ?" అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "రాస్తాను. గట్టిగానే రాస్తాను" అన్నారు చివరికి. రాసే ఉంటారు. తర్వాత బదిలీ అయ్యారు. ఆ తర్వాత వచ్చినాయన కూడా రాస్తానన్నారు.

నాన్న పోయాక అమ్మ చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది. మనవరాలు బళ్లో చేరింది. పొద్దున్న ఆటో, సాయంత్రం ఆటో, అదే మలుపు. మొదటిరోజు పొద్దున్న అమ్మే పిల్లని ఆటో ఎక్కించిందట. సాయంత్రం మాత్రం చారల సంచి భుజాన వేసుకుని బయల్దేరింది. మలుపు దగ్గర డ్రైను అంచుకి వెళ్లి, సంచి పక్కన పెట్టుకుని, రోడ్డుకి ఎదురుగా నిలబడింది. వచ్చే ప్రతి బండికీ చెయ్యెత్తి, నెమ్మది, నెమ్మది అని ఊపింది. పిల్లల ఆటో దాటాకే ఇంటికొచ్చింది. అప్పట్నుంచి రోజూ అదే పని. చేపల లారీలవాళ్లు కూడా "ఏవండీ మామ్మగారూ" అని పలకరించి నిదానంగా పోతారట. ఎండలో ఎందుకే అని ఫోన్‌లో నేను గొడవ పెట్టుకుంటే, "వాళ్లు కట్టేదాకా నేనుంటాను. నాకు మాత్రం ఏం పనుంది?" అంది.

ఈ మధ్య ఒక శనివారం నేను ఆ ఊరు వెళ్లాను. మలుపు దగ్గరికి వచ్చేసరికి ఆటో డ్రైవరు వేగం తగ్గించి, గేరు మార్చాడు. డ్రైను అంచున పాతిన సరుగుడు కర్రకి ఎర్ర చారల సంచి వేలాడుతోంది. రంగు బాగా వెలిసింది. చుట్టుపక్కల మనిషి లేడు. నా పక్కనున్నాయన, "ఎవరిదో సంచండీ, ఒక్కటే ఉంది" అన్నాడు. డ్రైవరు వెనక్కి తిరక్కుండానే, "మామ్మగారిదండి" అన్నాడు, అంతకంటే చెప్పేదేమీ లేనట్టు.

ఇంట్లో అమ్మ మోకాళ్లకి నూనె రాసుకుంటూ అరుగు మీద ఉంది. వారం నుంచీ అంత దూరం నడవలేకపోతోందట. పొద్దున్న మరిది పనికెళుతూ సంచి తగిలిస్తాడట.

"సంచి పెడితే ఆగుతారా అమ్మా?"

"నా సంచి ఉన్న చోటికి ఇంకొకళ్లు ఎలా వస్తారే?" అంది.

అందే గానీ, చెల్లెలు ఇచ్చిన మంచినీళ్లు పక్కనే పెట్టుకుని తాగలేదు. చూపంతా వీధి చివరే. బడి ఆటో హారను వినిపించాక గ్లాసు తీసుకుంది. పిల్ల పరిగెత్తుకొచ్చి, "అమ్మమ్మా, నీ సంచికి టాటా చెప్పాను" అని ఒళ్లో పడింది. అమ్మ దాని మొహం, చేతులు, కాళ్లు తడిమి చూసుకుంది, దాన్ని అప్పుడే నీళ్లలోంచి తీసినట్టు.

"అమ్మాయ్, వెళ్లి ఆ సంచి పట్టుకురా. మంచుకి తడుస్తుంది" అంది నాతో.

నడుచుకుంటూ మలుపు దగ్గరికి వెళ్లాను. సంచి గాలికి ఎగరకుండా లోపల పాత దిండు ఉంది, ఎర్ర దారం కుట్లతో. కర్ర నుంచి ఒక చెవి తప్పించాను. దూరంగా బండి చప్పుడేదో వినిపించింది. మళ్లీ తగిలించాను. అది దాటిపోయాక కూడా తియ్యడానికి చెయ్యి రాలేదు. వెనక ఇంకేదైనా వస్తోందేమోనని, సంచి పక్కనే చాలాసేపు నిలబడ్డాను.